నాయకరాజుల కొలువులో చోళ దేవుళ్లు

తంజావూరు ప్యాలెస్‌లోని ఆర్ట్ గ్యాలరీకి 75 ఏళ్లు. 1951లో మొదలైన ఆ గ్యాలరీకి అందరూ చోళుల కంచు విగ్రహాల కోసమే వెళ్తారు. తెలుగువాళ్లు మాత్రం ముందు ఆ భవనాన్ని కూడా తీరిగ్గా చూడాలి. అది మన నాయకరాజులు కొలువుతీరిన చోటు.

విజయనగర రాయల అండతో శేవప్ప నాయకుడు 1530ల్లో తంజావూరు గద్దెనెక్కాడు. తర్వాత అచ్యుతప్ప, చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’ అంకితం పుచ్చుకున్న రఘునాథుడు. ఆ తర్వాతివాడే విజయరాఘవుడు. నాకు ఎంత చదివినా తనివి తీరని కథ ఆయనది.

తాను యక్షగానాలు రాసి ఆడించాడు. క్షేత్రయ్య పదాలు విన్నాడు. కవయిత్రి పసుపులేటి రంగాజమ్మకు కనకాభిషేకం చేశాడు. ఆమె ‘మన్నారుదాసవిలాసం’లో నాయకుడు ఆ రాజే. తమిళసీమ నడిబొడ్డున, రాజే ప్రేక్షకుడిగా, రాజే పాత్రగా తెలుగు నాటకం నడిచింది! 1673లో మధుర చొక్కనాథ నాయకుడు దండెత్తి వచ్చాడు. పిల్లనివ్వనన్నందుకే ఆ పగ అంటారు. ముసలి విజయరాఘవుడు కత్తి పట్టి పోరులోనే ఒరిగాడు. శత్రువుల చేతికి చిక్కకుండా అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేశారని ‘తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర’ చెబుతోంది. ఆ ఘట్టం చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

పిమ్మట మరాఠాలు వచ్చారు, 1855 దాకా ఏలారు. మరాఠా రాజు శరభోజీ పాలరాతి విగ్రహం ఇప్పటికీ ప్యాలెస్ దర్బారు హాల్లోనే ఉంది.

ఇక చోళుల విగ్రహాల సంగతి. గ్యాలరీ పుట్టిన రోజుల్లోనే తిరువెంకాడు ఊళ్లో మట్టి తవ్వుతుంటే కంచు దేవుళ్లు బయటపడ్డారు. వాళ్లలో వృషభవాహనుడు 1011 నాటివాడు, రాజరాజచోళుడి కాలం. రెండు చేతుల శివుడు. జడలే తలపాగా, అందులో పాములు చుట్టుకున్నాయి. కాలు మీద కాలు మెలివేసి, ఎద్దు మీద మోచెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఎద్దు దొరకలేదు. అయినా ఆ చేతి వంపు చూస్తే దాని ఎత్తెంతో తెలిసిపోతుంది. మరుసటి ఏడు చేయించిన అమ్మవారూ ఈ గ్యాలరీలోనే ఉంది. గుళ్లో నైవేద్యాలందుకోవలసినవాళ్లు మ్యూజియంలో ఉండటం కొందరికి కష్టంగానే ఉంటుంది. ఆ బాధ న్యాయమైనదే. కానీ విగ్రహాల దొంగలు గుళ్లనే గుల్ల చేసిన కాలంలో వీళ్లు ఇక్కడ భద్రంగా మిగిలారు.

ఇదే ప్రాంగణంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు యక్షగానాల రాతప్రతులున్నాయి. విగ్రహాలు చూడటానికి వచ్చినవాళ్లకు ఆ సంగతి ఎవరైనా చెప్పాలి. దర్బారు హాల్లో ఒక్క సాయంత్రమైనా రంగాజమ్మ నాటకం ఆడించాలి. తెలుగు విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే అది అయ్యే పనే.