గజ్జెల యప్పగింత

పెండ్లినాటి చివరి ఘడియలలో కన్నకూతురి చేతులను పాలలో ముంచి అత్తవారి చేతులలో నుంచెడు తంతును మనవారు అప్పగింతలందురు. నాట్యము నేర్పిన గురువు విద్య ముగిసిన శిష్యులను సాగనంపు వేళ చేయునదియు నట్టి యప్పగింతయే యని నాకు తోచుచుండును. పుచ్చుకొనువారు మాత్రము వియ్యాలవారు గారు, సభవారు. పసుపుకుంకుమలతో పూలతో నిండిన పళ్లెరములో నున్న గజ్జెలను నటరాజు పాదములకడ నుంచి, పిదప తాను కన్నుల కద్దుకొని శిష్యురాలి చేతి కందించు నా క్షణమున గురువు మాటలాడుట యరుదు. నూలుత్రాటికి మువ్వ వెంట మువ్వగా ముడివేసి కూర్చిన ఆ జతలో ఏ ముడి సడలినదో వ్రేళ్లతో తడవి చూచుటయే ఆయన చెప్పెడు కడపటి పాఠము.

ఈ యప్పగింత భావమునకు కాకతీయుల నేలపై వేళ్లు గలవని నా తలంపు. దివిసీమనుండి వచ్చి, కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి గజసాహణియై, అనగా ఏనుగుల దళమునకు అధిపతియై, గుండామాత్యుని యొద్ద నాట్యవిద్య నభ్యసించిన జాయపసేనాని, 1254 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది యధ్యాయముల ఆ గ్రంథమున మొదటి నాలుగు మార్గమునకును, అనగా శాస్త్రీయ నాట్యమునకును, తక్కిన నాలుగు పేరణి, చిందు, కోలాటము మున్నగు ప్రాంతీయ నృత్తములతో గూడిన దేశికిని చెందినవి. అభ్యాసమును, కరణములను, చారులను ఇంత విరివిగా చెప్పిన యాతడు గ్రంథమును ముగించినది ఎచ్చటననగా సభలో: ప్రభు వెచ్చట కూర్చుండవలెను, నర్తకి యెట్లు ప్రవేశింపవలెను, కళాకారుల నెట్లు సత్కరింపవలెను అను విషయములతో. శిష్యుని చేయిపట్టి సభాద్వారము వఱకు తెచ్చి విడిచిన గురుహృదయము నాకా కూర్పులో కనబడును.

ఆ కాలపు సభలు రాచనగరులకే పరిమితములు గావు, గుడిముంగిళ్లును సభలే. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తివాడైన సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైల శివరాత్రినాటి యాటపాటలను కన్నులకు కట్టించెను. మహబూబాబాదు జిల్లా కురవి వీరభద్రుని సన్నిధిలో శివరాత్రి జాతర నేటికిని సాగుచున్నది. భూపాలపల్లి జిల్లా గణపురము కోటగుళ్లలో స్త్రీమూర్తుల శిల్పములు నేటికిని నిలిచియున్నవి.

1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయెను, దానితో రాచసభయు చెదరెను. ఇచ్చుటకు గురువును, పుచ్చుకొనుటకు సభయు నిరువురు నుండినగాని అప్పగింత జరుగదు. రానురాను, జాయపసేనాని చెప్పిన దేశి నృత్తములలో నొకటైన పేరణికి ఇచ్చువారును పుచ్చుకొనువారును కరవైరి. గుడిలో నాడిన స్త్రీల విద్యకు సైతము, 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ శాసనముతో గుడి తలుపు మూతపడెను. ఆ స్త్రీల నన్యాయమునుండి తప్పించుట యవసరమే, కాని వారి విద్యను పుచ్చుకొను చేతులను కూడ అప్పుడే వెదకవలసి యుండెను.

ఆ వెదకుటకు జీవితము నంకితము చేసినవాడు నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ. 1923లో బాలిద్వీపమున జన్మించి, నాయుడుపేట రాజమ్మవంటి వృద్ధ నర్తకీమణుల పాదములకడ కూర్చుండి నేర్చిన ఈయనకు, పేరణి నేర్పుటకు మాత్రము గురువు దొరకలేదు. జాయపసేనాని గ్రంథమును చేతబట్టి ఆయన పాలంపేట చేరెను. కొంతకాలము భూపాలపల్లి జిల్లాలో నుండి 2019లో ములుగు జిల్లాలో చేరిన ఆ గ్రామమున, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి కలదు. అచ్చటి రాళ్లపై మద్దెలవాండ్ర నడుమ మోకాళ్లు వంచి నిలిచిన నర్తకుల భంగిమలే ఆయనకు గురువులైనవి. పేరణి యంగములలో నొకటి ఘర్ఘరము, అనగా పాదముల యదుపుతో గజ్జెలను పలుతీరుల పలికించుట. శిల్పమున భంగిమ దొరకునుగాని మువ్వసడి దొరకదు. ఆ సడిని శాస్త్రవాక్యమునుండి శిష్యుల కాళ్లలోనికి తెచ్చుటయే ఆయన తపస్సు. 1985 శివరాత్రినాడు ఆ శిష్యులు రామప్ప సన్నిధిలో పేరణి యాడిరి. ఏడు శతాబ్దములకు పైగా దాచియుంచిన రాళ్ల యెదుటనే గురువు వారిని లోకమున కప్పగించెను. 2011లో ఆయన కన్నుమూసెను. పేరణి యిప్పటికిని రంగస్థలముల మీద నున్నది.

అయినను వీడ్కోలు లేని విద్యయు నొకటి యీ సీమలోనే యున్నది. జాయపసేనాని పేర్కొన్న దేశి నృత్తములలో చిందు పేరు వినబడును. ఆ పేరును మోయుచు ఊరూర యక్షగాన మాడెడు చిందువారికి బడి వేఱు, ఇల్లు వేఱు కాదు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లె వాసియైన గడ్డం సమ్మయ్య యింటివారివద్దనే యీ విద్య నేర్చి, 2024లో పద్మశ్రీ పొందెను. అచ్చట పట్టాలు లేవు, చివరిదినము లేదు. ఆట మొదలగు రాత్రి, ముఖమున నర్దళము పూసికొన్న కొడుకు కాలు చాపగా తండ్రి వంగి గజ్జెలు కట్టును. ముడి బిగిసినదో లేదో ఒక్కసారి లాగిచూచి, తాళములు చేతబట్టి, వంతపాడువారి వరుసలో పోయి నిలుచుండును.