ఎదుటి బండికి ఇన్సూరెన్సు లేకపోతే పరిహారం ఎక్కడి నుంచి వస్తుంది?

ట్రాక్టరుకో, మోటారు సైకిలుకో ఇన్సూరెన్సు కట్టేటప్పుడు మన రైతులు ఎక్కువగా అడిగే మాట ఒక్కటే: "పోలీసులు ఆపితే చూపించడానికి సరిపోయేది ఇవ్వండి." ఏజెంటు తక్కువ ధరకు వచ్చే థర్డ్ పార్టీ పాలసీ రాసిస్తాడు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం అది తప్పనిసరి కాబట్టి కట్టాల్సిందే. అయితే అది ఎవరి కోసమో తెలుసుకోండి. మీ బండి వల్ల ఎదుటివారికి దెబ్బ తగిలితే వారికి ఆ పాలసీ కింద పరిహారం వస్తుంది. బండి నడుపుతున్న యజమానికి, అంటే మీకు, అందులో ఏమీ రాదు. తప్పు ఎదుటి బండిదైతే మీకు రావాల్సిన సొమ్ము ఆ బండి ఇన్సూరెన్సు నుంచి రావాలి. ఆ బండికి ఇన్సూరెన్సే లేకపోతే చిక్కు మొదలవుతుంది.

పల్లె రోడ్ల మీద ఇలాంటి బండ్లు తక్కువేమీ కాదు. షోరూంలో కట్టిన పాలసీ అయిపోయాక మళ్లీ కట్టని మోటారు సైకిళ్లు, ఇటుక బట్టీలకు తిరిగే పాత ట్రాక్టర్లు, ముగ్గురి చేతులు మారినా ఆర్.సి.లో మొదటివాడి పేరే ఉన్న ఆటోలు మీకూ తెలిసినవే. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానా సర్కారుకు వెళుతుంది గాని కాలు విరిగినవాడికి అందదు.

మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళితే పరిహారం ఇవ్వమని తీర్పు వస్తుంది. ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ కడుతుంది. మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో ఇంత వరకే అనే హద్దు ప్రస్తుతం మన దేశంలో లేదు, ట్రిబ్యునల్ ఎంత చెబితే అంత కట్టాలి. ఇన్సూరెన్సు లేకపోతే ఆ భారం బండి యజమాని, డ్రైవరు మీద పడుతుంది. వారి పేరున సెంటు భూమి లేకపోతే తీర్పు కాగితం చేతిలో ఉంటుంది, డబ్బు రాదు. అమెరికాలో ఇలాంటి సందర్భానికే, గుద్దినవారికి ఇన్సూరెన్సు లేకపోయినా చాలకపోయినా మన కంపెనీయే ఇచ్చేలా, వేరే కవరు అమ్ముతారు. అక్కడ కారు నడిపే మన పిల్లల్ని అడిగితే చెబుతారు. మన దగ్గర ఆ పేరుతో కవరు లేదు కాబట్టి ఉన్నవాటితోనే రక్షణ ఏర్పాటు చేసుకోవాలి.

ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. 2018 నుంచి దీని మొత్తం 15 లక్షల రూపాయలు. అంతకుముందు ద్విచక్ర వాహనానికి లక్ష, మిగతా వాటికి 2 లక్షలే ఉండేది. బండి నడుపుతూ ప్రమాదంలో యజమాని చనిపోతే నామినీకి 15 లక్షలు వస్తాయి. రెండు కాళ్లు, లేదా రెండు చేతులు, లేదా రెండు కళ్లు పోతే పూర్తి మొత్తం, ఒక కాలో చెయ్యో కన్నో పోతే సగం. ఎదుటి బండికి ఇన్సూరెన్సు ఉందా, తప్పు ఎవరిది అన్న ప్రశ్న దీనికి అడ్డురాదు. మామూలు ఎముక విరుగుళ్లకు, ఆసుపత్రి ఖర్చుకు మాత్రం ఇది రాదు.

ఇక్కడ చాలామంది ఒక విషయం గమనించరు. కొత్త మోటారు సైకిలుకు షోరూంలో 5 ఏళ్ల థర్డ్ పార్టీ కడతారు. ఓనర్ డ్రైవర్ బీమా మాత్రం ఒక్క ఏడాదికే తీసి ఉండవచ్చు. "మాకు ఇంకా మూడేళ్లు ఇన్సూరెన్సు ఉంది సార్" అని చెప్పే రైతు దగ్గర పాలసీ కాగితం తీసి చూస్తే ఈ గడి తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఈరోజే మీ కాగితం తీసి ఆ ఒక్క గడి చూడండి. ముగిసి ఉంటే విడిగా కూడా తీసుకోవచ్చు. రెండు మూడు బండ్లు ఉన్నవారు విడిగా తీసుకోవడమే మేలు, అన్ని బండ్లకూ వర్తిస్తుందని రాసి ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఇప్పటికే 15 లక్షలకు తగ్గని వ్యక్తిగత ప్రమాద పాలసీ వేరేగా ఉంటే మళ్లీ కొనే పనిలేదు.

షరతులు కూడా గట్టివే. బండి మీ పేరున రిజిస్టరై ఉండాలి, చెల్లే లైసెన్సు ఉండాలి, మద్యం తాగి నడిపి ఉండకూడదు. తండ్రి పేరున ఉన్న బండి కొడుకు నడిపితే కొడుక్కి ఈ బీమా రాదు. మన ఇళ్లలో బండి నాన్న పేరున, నడిపేది అబ్బాయి. అలాంటప్పుడు అబ్బాయికి విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీయించండి.

దీనికి తోడు బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ, ఇంట్లో ఆడవారితో సహా, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరాలి. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వయసువారికి ప్రమాద మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది, కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు ఉంచండి. తెలంగాణలో 18–59 ఏళ్ల పట్టాదారు రైతులకు రైతు బీమా కింద ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు వస్తాయి. నామినీ పేరు, ఆధార్ వివరాలు సరిగా ఉన్నాయో లేదో ఏ.ఈ.ఓ. దగ్గర సరిచూసుకోండి.

ట్రాక్టరు ఉన్నవారికి

ఇన్సూరెన్సు ఉండి కూడా లేనట్టే అయ్యేది ఎక్కువగా ట్రాక్టర్ల విషయంలోనే. ఇంజనుకు పాలసీ ఉంటుంది, ట్రక్కుకు ఉండదు. వ్యవసాయ పనికని కట్టిన పాలసీతో కిరాయికి ఇసుకో మట్టో తోలుతారు. నాట్లకు, కోతలకు కూలీలను ట్రక్కులో ఎక్కిస్తారు. ఇలాంటి ఒక కేసులో 2007లో సుప్రీంకోర్టు ముందు కంపెనీ బాధ్యత లేదని తేలింది. కూలీ పేదవాడు కనుక కంపెనీ ముందు కట్టి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టు చెప్పింది. చివరికి ఆ భారం రైతు మీదే పడిందన్నమాట. కూలీలను ఆటోలో పంపడానికి అయ్యే ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. ట్రక్కుకు ఇన్సూరెన్సు తీయించండి, జీతం ఇచ్చి పెట్టుకున్న డ్రైవరు ఉంటే అతని పేరూ పాలసీలో ఎక్కించండి.

పాత ట్రాక్టరు అమ్మితే ఆర్.సి.లో పేరు మారేదాకా వదలకండి. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవాడు ఇన్సూరెన్సు కట్టక ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. కొన్నవారు 14 రోజుల్లోగా పాలసీ తమ పేరుకు మార్పించుకోవాలి.

ప్రమాదం జరిగితే

గాయపడినవారిని ముందు ఆసుపత్రికి చేర్చి, వెంటనే పోలీసులకు తెలపండి. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం అందుతుంది. గుద్దిన బండికి ఇన్సూరెన్సు లేకపోయినా ఇది వర్తిస్తుంది.

ఎదుటి బండి నెంబరు ఫోటో తీయండి. ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే ఇన్సూరెన్సు గడువు కనిపిస్తుంది. గడువు దాటి ఉంటే ఆ సంగతి ఎఫ్.ఐ.ఆర్.లో రాయించండి. పరిహారానికి తగిన హామీ తీసుకోకుండా ఆ బండిని విడుదల చేయవద్దని స్టేషన్లోనూ, కోర్టులోనూ అడిగే హక్కు మీకుంది. చాలా కేసుల్లో మీకు దొరికే ఆస్తి ఆ బండి ఒక్కటే. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి పదివేలకో ఇరవైవేలకో రాజీ చేస్తామంటే గాయం ఎంతటిదో డాక్టరు తేల్చేదాకా సంతకం పెట్టకండి.

ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా వేయాలి. మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. గుద్దిన బండి ఆచూకీ దొరకకపోతే ఆర్.డి.ఓ. కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. హిట్ అండ్ రన్ పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తున్నారు. సురక్షా బీమాకు బ్యాంకులో 30 రోజుల్లోగా క్లెయిమ్ వేయాలి. వీటన్నిటికీ ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి కాగితాలు, మరణమైతే పోస్టుమార్టం రిపోర్టు, నామినీ ఆధార్, బ్యాంకు పాసుబుక్కు అవసరమవుతాయి. ఒక్కొక్కటి నాలుగైదు జిరాక్సులు తీయించి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకుండా ఇంట్లోనే ఉంచుకోండి.