ఎల్ల మారినా ఇల్లు మారలేదు

1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి, బళ్లారితో సహా తక్కినవి మైసూరు రాష్ట్రానికి చేరాయి. ఎల్ల మారింది గాని ఇల్లు మారలేదు. మనం మిద్దె అన్నదాన్ని పక్కింటి కన్నడిగులు మాళిగె అంటారు. కప్పులో వెలుతురు కోసం విడిచిన గవాక్షికి మాత్రం రెండు భాషల్లోనూ అదే పేరు.

ఈ ఇళ్లకు కాగితం మీద ప్లాను లేదు. నేలనూ వాననూ చూసి కట్టారు. ఏడాదికి 50, 60 సెంటీమీటర్ల వాన పడే సీమకు ఏటవాలు కప్పు అక్కరలేదు. ఎండకు ఆగే మందపాటి రాతిగోడలు, వాటిపై దూలాలు, దంతెలు, కట్టెపుల్లలు, మట్టి, అన్నిటికీ పైన చవుడు. తడిసిన చవుడు బిగిసి నీటిని దిగనివ్వదు. మిద్దెపైన పగలు గింజలు ఆరేవి, వేసవి రాత్రి పడకలు పడేవి.

అయితే ఏటా వానలకు ముందు కొత్త చవుడు పరచాలి. ఆ పని మానితే మిద్దె కారుతుంది. ముసురు పట్టినప్పుడు నానిన కప్పు కూలి ప్రాణాలకే ముప్పు. అందుకే జనం సిమెంటు కప్పుకు మారారు. తప్పు పట్టలేం. కానీ మందపు గోడ, గవాక్షి కూడా మిద్దెతోపాటు పోవాలా? కొత్త ఇంటికి ప్లాను గీయించే ముందు, మిద్దెలు కట్టిన ముసలి మేస్త్రీ మీ ఊళ్లో ఉంటే, ఆయన్ను ఒక్క మాట అడగండి.