మెరీనా ఒడ్డున మంచు గిడ్డంగి

మద్రాసులో చదువుకొనే మన విద్యార్థులు తిరువల్లిక్కేణి వైపు వెళ్ళేటప్పుడు 'ఐస్ హౌస్' అన్న మాట వినే ఉంటారు. అక్కడి పోలీసు స్టేషనుకు నేటికీ అదే పేరు. ఆ పేరుగల భవనంలో మంచు నిలవచేయడం మాని నూరేళ్ళు దాటింది. వస్తువు పోయినా పదం నిలవడం భాషలో అరుదేమీ కాదు. మమ్మల్ని ఆకర్షించినవి ఆ పదం వెనక ఒకదాని మీద ఒకటిగా పేరుకొన్న వాడుకలు.

అమెరికాలోని బోస్టను ప్రాంతపు చెరువులు చలికాలంలో గడ్డకట్టగా, ఆ మంచును కోయించి ఓడలకెత్తి దేశదేశాల్లో అమ్మినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్. 1833లో కలకత్తాకు పంపిన తొలి సరుకు 180 టన్నులైతే, చేరింది సుమారు 100 టన్నులు. రంపపు పొట్టే దానికి రక్ష! మద్రాసు సముద్రతీరాన 1842లో వెలసిన గుండ్రటి గిడ్డంగి ఈ వ్యాపారానిదే. కలకత్తా, బొంబాయిల్లోని ఇటువంటి కట్టడాలు పోయాయి, ఇది మిగిలింది. థోరో తన 'వాల్డెన్'లో మద్రాసు పేరెత్తింది కూడా ఈ మంచు మూలంగానే.

1870ల్లో ఆవిరి యంత్రాలతో ఇక్కడే మంచు తయారుకావడంతో ఓడమంచుకు గిరాకీ తగ్గింది. చల్లదనం బయటికి పోకూడదని కట్టిన గోడలు మనుషుల నివాసానికి పనికిరావు కదా. భవనాన్ని కొన్న న్యాయవాది బిళిగిరి అయ్యంగారు కిటికీలు, వరండాలు పెట్టించి, హైకోర్టు న్యాయమూర్తి కెర్నన్ పేరిట 'కాజిల్ కెర్నన్' అన్నారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందులు ఇక్కడ తొమ్మిది రోజులున్నారు. ఆపైన రామకృష్ణానందులు నడిపిన మఠం 1906 వరకు ఇక్కడే సాగింది.

తరువాతి ఘట్టం మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. తాను బాలవితంతువై, 1911లో పట్టభద్రురాలైన సిస్టర్ సుబ్బలక్ష్మి తన వితంతు శరణాలయాన్ని ఈ భవనంలో నడిపారు. 1963లో ప్రభుత్వం దీనికి వివేకానందుల పేరు పెట్టింది, 1997లో రామకృష్ణ మఠానికి అప్పగించింది. ఇప్పుడిది ప్రదర్శనశాల. తొమ్మిది రోజుల బసకు భవనం పేరులో చోటు దక్కింది, ఆ పిల్లల చదువుకు దక్కలేదు. ఇది మాకు లోటుగానే తోస్తుంది.

వీరేశలింగం గారు 1881లో రాజమహేంద్రవరంలో జరిపించింది వితంతు వివాహం. సుబ్బలక్ష్మి ఎంచుకొన్నది చదువు, ఉపాధ్యాయవృత్తి. ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడదలచిన విద్యార్థి ఐస్ హౌస్ దగ్గర మొదలుపెట్టవచ్చు.