ఏ పక్షమునకును చెందనివారు

ప్రతి అభ్యర్థికిని వేరువేరుగా పెట్టె నుంచి, దానిపై అతని గుర్తు నంటించిన ఆ 1952 నాటి పోలింగు గదులలో, మహాపక్షము పెట్టెయు ఒంటరివాని పెట్టెయు సరిసమానముగా నిలిచియుండెను. ఆ ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో స్వతంత్రులు 37 మంది లోక్‌సభకు ఎన్నికైరి. తెలుగునాట విశాఖపట్టణము డాక్టరు లంకా సుందరమును, నెల్లూరు బెజవాడ రామచంద్రారెడ్డిని, విజయవాడ కమ్యూనిస్టుల ఊతముతో నిలిచిన హరీంద్రనాథ చట్టోపాధ్యాయుని ఢిల్లీకి పంపెను.

1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 287 స్థానములలో 68 స్వతంత్రులవే. కాంగ్రెసును మినహాయించిన, అంతటి సంఖ్య మరే పక్షమునకును లేదు. వీరిలో టిక్కెట్టు దొరకక అలిగినవారును, ఊళ్లపై పెత్తనముగల కుటుంబములవారును పెక్కురుండిరి గనుక, అందరిని ప్రజాస్వేచ్ఛకు ప్రతీకలుగా కీర్తించుట నాకు సమ్మతము కాదు. విశాఖ మాత్రము వేరు. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో ప్రాణములు ధారవోసిన ఆ నగరము, మరుసటి యేడే తెన్నేటి విశ్వనాథమును స్వతంత్రునిగా లోక్‌సభకు ఎన్నుకొనెను. ప్రకాశం పంతులు మంత్రివర్గమున ఆర్థికమంత్రిగా పనిచేసి, దశాబ్దములుగా జనమెరిగిన ఆయనకు పార్టీ గుర్తుతో పనిలేకపోయెను. పేరును ఉద్యమమును ఒకచోట కూడిననాడే ఒంటరివాడు నెగ్గుట సులభము.

ఉద్యమము మాత్రమే యుండి, పేరులేనివారి కథ నల్లగొండది. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంకరపోయిన ఆ జిల్లా ప్రజల మొర ఎవరికిని పట్టనందున, 1996లో జలసాధన సమితి పిలుపుపై వందలాదిగా నామపత్రములు దాఖలు కాగా, ఆ ఒక్క లోక్‌సభ స్థానమునకు 480 మంది బరిలో మిగిలిరి. బ్యాలెట్టు పత్రము పుస్తకమై, పోలింగు వాయిదా పడెను. చివరకు గెలిచినది సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షము. తమ నీటిలోని విషమును గూర్చి దేశము వినవలెనని నిలిచినవారికి ఆ కోరిక మాత్రము తీరెను.

పార్లమెంటు ఇచ్చిన జవాబు నన్ను నేటికిని కలవరపెట్టును. ఆ యేడే చట్టమును సవరించి, లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000కు పెంచిరి. పిదప అది 25,000 అయ్యెను. గుర్తింపుగల పార్టీవానికి ప్రతిపాదకుడొక్కడు చాలుననియు, స్వతంత్రునకు పదిమంది కావలెననియు విధించిరి. ఆ యెన్నికలలో దేశమంతట 10,635 మంది స్వతంత్రులు నిలిచి తొమ్మిదిమందియే గెలిచిరి గనుక, ఊరక నిలుచువారిని వారింపదలచుట తప్పనను. కాని ఊరక నిలిచిన ధనికుని ఈ సొమ్ము ఆపదు, నీటికై నిలిచిన కూలివానినే ఆపును. అభ్యర్థి నిజాయితీకి జామీనుగా రూపాయలకు బదులు వేయిమంది స్థానిక ఓటర్ల సంతకముల నడిగియుండిన, ఫ్లోరైడు గ్రామములలో అవి ఒక్క దినమున సమకూడియుండెడివి.