గంపలో మొలిచే గోధుమ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో వానకాలం వ్యవసాయం మడిలో కాదు, ఇంటి మూలన మొదలయ్యేది. వడ్లను ఒక పగలూ రాత్రీ నానబెట్టి, నీళ్లు వంపేసి, తడి గోనెసంచిలో కట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడతారు. దీన్నే మండె కట్టడం అంటారు. లోపల వేడి పుట్టి, మరునాటికి గింజ ముక్కు పగులుతుంది. అప్పుడే తుకం పోస్తారు. వేడి ఎక్కువైతే మొలక ఉడికిపోతుంది కాబట్టి, సంచిలో చెయ్యి పెట్టి చూసి నీళ్లు చిలకరించడం తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి.

ఈ పనితనం శాసనాలకు ఎక్కలేదు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారం చెరువు శాసనంలో తన పుట్టింటి వంశక్రమమంతా చెక్కించింది. చరిత్రకారులకు అది పెన్నిధి. ఆ చెరువు కింది మళ్లకు వడ్లు ఎవరింట్లో మొలకెత్తాయో మాత్రం రాతికి పట్టలేదు. మొలకను గుర్తుపెట్టుకున్నవి గుళ్లూ పెళ్లిళ్లూ. ఓషధులకు చంద్రుడు అధిపతి కనుక ఉత్సవాలకు ముందు అంకురార్పణ రాత్రిపూట చేస్తారు. పెళ్లింట మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. మొలకను అలాగే గుర్తుపెట్టుకున్న మరో పండుగ లంబాడా తండాల్లోని తీజ్.

17వ శతాబ్దంలో దక్కన్‌కు వచ్చిన మొగల్ సేనలకు ఎద్దుల మీద ధాన్యం మోసినవారు బంజారాలు, అంటే లంబాడాలు. తర్వాత రోడ్లూ రైళ్లూ వచ్చి ఆ రవాణాను మింగేశాయి. ఎద్దుల బిడారులు ఆగిన చోట తండాలు నిలిచాయి. నేటి మహబూబాబాద్ జిల్లా జనంలో మూడో వంతుకు పైగా గిరిజనులే. వారిలో అత్యధికులు లంబాడాలు.

శ్రావణంలో తండా నాయక్ అనుమతితో పెళ్లికాని అమ్మాయిలు తీజ్ మొదలుపెడతారు. వెదురుతోనో దూసేరు తీగతోనో అల్లిన బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలను పందిరి కింద మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పాడుతూ నీళ్లు పోస్తారు. ఉప్పూకారం లేని తిండి తింటారు. నానబెట్టిన శనగలను రేగుముళ్లకు గుచ్చే బోరడి ఝష్కేరో మహా సరదా తంతు. అమ్మాయిలు ఓపికగా గుచ్చుతుంటే వరసైన కుర్రాళ్లు కొమ్మను ఊపేస్తారు. ముల్లు గుచ్చుకున్నా ఉలిక్కిపడకూడదు. ఏడో రోజు ఢమోళిలో మేరామా తల్లికి చుర్మా నైవేద్యం పెడతారు. ఆపై గణగోర్ మట్టిబొమ్మలు చేస్తారు. చివరి రోజు మొలకల్లో కొన్నిటిని అన్నదమ్ముల తలపాగాల్లో తురిమి, మిగిలినవాటిని చెరువులో కలుపుతారు.

ఈ ప్రాంతంలో గోధుమ పంట కాదు. అయినా మొలకెత్తేది గోధుమే. కదులుతూ బతికిన జాతికి మోసుకుపోగల మడి ఈ బుట్టే అయి ఉంటుందని అనుకోవడం, చరిత్ర కాకపోయినా, చక్కగా ఉంటుంది.

1960ల నుంచి పొలంలో మొలక కథ చిక్కుపడింది. ఐఆర్-8, తర్వాత సాంబ మసూరి వరి రకాలు వచ్చాయి. గాదెలో దాచిన విత్తనం పోయి సంచి విత్తనం వచ్చింది. పత్తికి మండె అవసరమే లేదు. విత్తనం ప్యాకెట్ నుంచి సాలులోకి పోతుంది. మిర్చి నారు నర్సరీకి వెళ్లిపోయింది. షేడ్‌నెట్ కింద, 98 గుంతల ప్రోట్రేల్లో కొబ్బరిపొట్టు నింపి, గుంతకో గింజ పెట్టి, మొలిచేదాకా ట్రేలను పేర్చి పాలిథిన్ కప్పుతారు. అది మండెకు మనుమరాలే గానీ ఆ చుట్టరికం ఎవరూ చెప్పరు.  కూలీల కొరతతో వరిలో నాట్లు మాని వెదజల్లేవారు పెరిగారు. వారికి నారుమడితో పని లేదు. కానీ డ్రమ్ సీడర్ అనే విత్తే యంత్రంలో పోసే వడ్లకు ముక్కు పగిలి ఉండాలి, మొలక పొడుగు సాగకూడదు. అందుకని యంత్రం పొలానికి బయలుదేరే ముందు రోజు ఇంట్లో గోనెసంచి తడుస్తూనే ఉంది.