కురుపాం కోట నుంచి అరకు సీటు దాకా

అరకు లోక్‌సభ స్థానంలో వారసత్వం కథ చెప్పాలంటే కురుపాం కోట దగ్గర మొదలుపెట్టాలి. వైరిచర్ల వారి జమీందారీ అది. విశాఖ పాతనగరంలోని కురుపాం మార్కెట్‌కు పేరు ఆ సంస్థానం నుంచే వచ్చింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది, పేరు నిలిచింది. అంతకు ఏడాది ముందే, 1947 ఫిబ్రవరి 15న, ఆ ఇంట వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ పుట్టారు. శిస్తు వసూలు చేసిన ఇంటి నుంచి వచ్చి ఓటు అడిగిన తరం ఆయనది.

1977లో, ముప్పయ్యేళ్ల వయసులో, ఎస్టీ రిజర్వుడు స్థానమైన పార్వతీపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1980 గెలుపు ఇంకా పెద్దది. రాష్ట్రంలో 42 స్థానాలుంటే 41 ఇందిరా కాంగ్రెస్ పట్టుకుపోయింది. మిగిలిన ఆ ఒక్కటీ పార్వతీపురం. కాంగ్రెస్ (అర్స్) అభ్యర్థిగా ఆయనే గెలిచారు. అంత గాలికి ఎదురు నిలిచింది పార్టీ బలం కాదు, ఇంటిపేరూ మనిషీ కలిసి నిలిచాయని నా నమ్మకం.

అయితే కోట పేరు కన్నా ఆయన చేతి పని గొప్పది. అటవీ హక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి ఆయనే అధ్యక్షులు. సాగులో ఉన్నట్టు చూపాల్సిన గడువు తేదీ మొదట 1980 అక్టోబరు 25. దాన్ని 2005 డిసెంబరు 13కు జరపమని ఆ సంఘం సిఫారసు చేసింది, చట్టంలోకి అదే వచ్చింది. పోడు చేసుకునే కుటుంబానికి ఆ పాతికేళ్లు అంటే ఒక తరం భూమి. తర్వాత 2011లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కూడా అయ్యారు.

పార్వతీపురం తర్వాత ఆయన పోటీ అరకుకు మారింది. 2014లో కాంగ్రెస్ తరఫున అక్కడ ఓడిపోయారు. 2019లో తెలుగుదేశంలో చేరి మళ్లీ నిలబడ్డారు. ఆయన వదిలిన కాంగ్రెస్ తరఫున సొంత కూతురు శ్రుతీదేవి పోటీ చేశారు. తండ్రి పాత జెండా కూతురి చేతిలో, తండ్రి చేతిలో కొత్త జెండా! మూడో అభ్యర్థిదీ వారసత్వమే. గొడ్డేటి మాధవి తండ్రి దేముడు, చింతపల్లి నుంచి గెలిచిన సీపీఐ ఎమ్మెల్యే. ఆమె వ్యాయామ ఉపాధ్యాయిని, నిలబడింది వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి. 2 లక్షల 24 వేలకు పైగా ఆధిక్యంతో ఆమె గెలిచారు. తండ్రి పార్టీ వెంట రాలేదు, వెనక కోట కూడా లేదు. వచ్చింది కొండ ఊళ్లలో దేముడు సంపాదించిన మంచిపేరు; ఆ ఏడాది వైఎస్సార్ కాంగ్రెస్ ఫ్యాను గుర్తు గాలి దానికి తోడైంది.

అదే ఎన్నికల్లో అరకు అసెంబ్లీకి కిడారి శ్రావణ్‌కుమార్ పోటీ చేశారు. అరకు ఎమ్మెల్యేగా ఉన్న ఆయన తండ్రి సర్వేశ్వరరావును 2018 సెప్టెంబరు 23న మావోయిస్టులు కాల్చి చంపారు. నవంబరులో తెలుగుదేశం ప్రభుత్వం కొడుకుని రాష్ట్ర మంత్రిని చేసింది. ఆర్నెల్లలోగా చట్టసభ సభ్యుడు కాకపోవడంతో 2019 మేలో రాజీనామా చేశారు. ఎన్నికలోనూ ఓడారు. తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడికి జనం కన్నీళ్లు పెట్టారు, ఓట్లు మాత్రం వేరే పెట్టెలో వేశారు.